కుతుబ్ షాహీలకు ప్లాటింగ్ రాదు

హైదరాబాద్ విల్లాల బ్రోచర్లలో ఈమధ్య చరిత్ర మీద ఒక పేరా తప్పనిసరైంది. ‘నాలుగు వందల ఏళ్ల సరస్సుల నగరంలో మీ లేక్ వ్యూ గృహం’ అట. చరిత్ర అన్నారు కనుక శ్రద్ధగానే చూద్దాం.

ఇబ్రహీం కుతుబ్ షా 1562లో హుస్సేన్‌సాగర్ కట్టించాడు. చార్మినార్ లేచింది 1591లో. అంటే 29 ఏళ్లపాటు చేతిలో చెరువుండి ఒక్క వెంచర్ వేయలేదు! 1806లో సికింద్రాబాద్ పేరు పెట్టుకున్న ఊరు కూడా అవతలి ఒడ్డునే సర్దుకుంది తప్ప నీళ్లలోకి ఫేజ్-2 దించలేదు. వ్యాపారజ్ఞానం శూన్యం.

ఆ లోటు మనవాళ్లు పూడ్చారు, టిప్పర్లతో.

పద్ధతి శాస్త్రీయం. ఎండాకాలంలో చెరువు కడుపులోని శిఖం భూమి తేలుతుంది. దాని పట్టా నీరు తగ్గినప్పుడు సాగు చేసుకొమ్మన్నది, ఇల్లు కట్టుకొమ్మన్నది కాదు. అయితేనేం, కాగితం కాగితమే. ముందు తూము తెరిచి వదిలేయాలి. నిండిన చెరువు పొర్లిపోయే అలుగు మీద ఒక వరస రాళ్లు పీకాలి. అలుగు అడుగు తగ్గితే చెరువు నిండే మట్టమూ అడుగు తగ్గుతుంది, వాలు తక్కువున్న చోట ఎకరాలకు ఎకరాలు బయటపడతాయి. పై చెరువు నుంచి వచ్చే కాలువను పైపులో దూర్చాలి. కూల్చిన ఇళ్ల శిథిలాలు రాత్రిపూట పోయాలి, వాటిపైన మొరం. సర్వేకు వచ్చిన పెద్దమనిషి తడి ఎక్కడుందో అక్కడే ఎఫ్‌టీఎల్, అంటే చెరువు నిండితే నీరు చేరే హద్దు, గీస్తాడు. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు బఫర్, అంటే ఆ హద్దు బయట ఇల్లు కట్టకూడని మేర, 30 మీటర్లు, అంతకు తక్కువైతే 9. కాబట్టి చెరువును పది హెక్టార్ల లోపుకు కుదిస్తే ఒక్క దెబ్బకు 21 మీటర్లు మిగులు, చుట్టూ ఓ వరస ప్లాట్లు లాభం! మిగిలిన 9 మీటర్లను ‘వాకింగ్ ట్రాక్’ అని ముద్రించుకోవచ్చు.

అడుగున ఒండ్రు కదా, తడిసి ఉబ్బుతుంది, ఎండి కుంగుతుంది. గోడలు పగుళ్లిస్తాయి, సెల్లార్‌లో మోటారు ఆగదు. 2020 అక్టోబరులో కాలనీల్లో పడవలు తిరిగాయి. లేక్ వ్యూ అన్నారు, ఇచ్చారు, మంచం మీంచే.

1908లో మూసీ వేల మందిని మింగితే నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. వరద చూసి వాళ్లు నీళ్లకు చోటు పెంచారు. మనం నీళ్ల చోటు రిజిస్ట్రేషన్ చేశాం! స్టాంపు డ్యూటీ తీసుకున్నది సర్కారే, ఇంటి నంబరిచ్చి పన్ను వసూలు చేసిందీ సర్కారే. బుల్డోజరు మాత్రం సంతకం పెట్టినవాడి గడప తొక్కదు. ఈఎంఐ కట్టేవాడి గోడే దానికి కనిపిస్తుంది. ఇల్లు పోయినా వాయిదా ఆగదు. సిగ్గుండాలి. బిల్డరేడీ అంటారా? పక్క మండలంలో అలుగు ఎత్తు కొలుస్తున్నాడు.