సవరణ: హైబ్రిడ్ కార్లు, అయొనైజర్ గురించి
మొన్న నేను హైబ్రిడ్ కారు ఏదైనా అయొనైజర్ (క్యాబిన్ గాలిని శుభ్రం చేయడానికి అందులోకి విద్యుదావేశమున్న కణాలు వదిలే పరికరం) తోనే వస్తుంది, ఏసీ బటన్ ఆపేస్తే అదీ ఆగిపోతుంది అని రాశాను కదా, రెండూ తప్పే, క్షమించండి. హైబ్రిడ్ సిస్టమ్‌కీ అయొనైజర్‌కీ సంబంధమే లేదు, అది వేరియంట్‌ని బట్టి వస్తుంది, ఒకే మోడల్‌లో కింది వేరియంట్‌లో ఉండకపోవచ్చు. ఇంకోటి, కొన్ని కార్లలో ఏసీ ఆపినా బ్లోయర్ తిరుగుతున్నంతసేపూ అది పనిచేస్తూనే ఉంటుంది. టయోటా, లెక్సస్ కార్లు కొన్నిట్లో దీనికి నానోఈ (nanoe) అని పేరుంటుంది, డ్రైవర్ వైపు వెంట్ మీద చిన్న అక్షరాల్లో చూడండి. క్యాబిన్ ఫిల్టర్ వేరే, అది గాలిని వడకడుతుందంతే, దానికి భయపడక్కర్లేదు. అయొనైజర్ల నుంచి కొద్దిగా ఓజోన్ రావచ్చు, అలాంటి కార్లలో కూర్చుంటే నాకు గొంతు పట్టేసేది అందుకేనేమో. కొనేముందు మాన్యువల్‌లో ఆఫ్ చేసే సెట్టింగ్ ఉందో లేదో చూసి, అద్దాలు మూసి అరగంటైనా ఆ కారులో కూర్చుని మీకు పడుతుందో లేదో చూడండి దయచేసి.