‘దాత: తెలియదు’ అన్న చీటీ గారికి

మహారాజశ్రీ చీటీ గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి అని రాయడం మర్యాద కాబట్టి రాస్తున్నాను. మీరు క్షేమమే. మొన్న ఆదివారం మ్యూజియంలో కళ్లారా చూసి వచ్చాను. అద్దాల పెట్టెలో, ట్యూబులైటు కింద, ఎండ తగలకుండా వాన తడపకుండా హాయిగా ఉన్నారు. ఎడమవైపు పైమూల కొంచెం జిగురు ఊడింది, ఎవరితోనైనా అంటించుకోండి. క్షేమం లేనిది మాకే.

నేనూ మా పదేళ్ల అమ్మాయీ రెండు బస్సులు మారి వచ్చాం. దారి పొడవునా దానికి, మేము మ్యూజియానికిచ్చిన మా గంగాళం గురించే చెప్పాను. భోజన విరామమని గంటసేపు గేటు బయట కానుగ చెట్టు కింద కూర్చోబెట్టారు. టిక్కెట్టు కిటికీ దగ్గర చిల్లర లేదన్నారు. ఫొటోలకని విడిగా రుసుము కట్టించుకుని, తీరా లోపల ఫోను బయటికి తీస్తే ఫొటోలు నిషేధం అన్నారు. ఇవన్నీ క్షమించేశాను. మ్యూజియం అన్నాక ఉంటాయి. చివరికి గ్రామీణ జీవనం గదిలో, రోకలికీ తిరగలికీ మధ్య, మా గంగాళం కనబడింది. నేను నోరు తెరిచేలోపే అమ్మాయి మిమ్మల్ని చదివేసింది.

“పాత్ర. లోహం. సుమారు 19వ శతాబ్దం. దాత: తెలియదు.”

చదివి, నా వంక జాలిగా చూసింది. “నాన్నా, ఇది మనది కాదేమో. మనది ఇంకో గదిలో ఉండి ఉంటుంది, వెతుకుదాం పద.”

ఎంత చెప్పినా వినలేదండీ. మీరు అచ్చులో ఉన్నారు, నేను నోటిమాటగా మిగిలాను. అచ్చుతో వాదించి గెలిచిన తండ్రి ఎవడు?

పాత్ర అన్నారు. నిజమే. దాన్ని చూసి మంచమనో గొడుగనో పొరబడే ప్రమాదం నుంచి ప్రజలను కాపాడారు. గంగాళం అనే మాట మీ కార్యాలయంలో నిషిద్ధమా? బిందె, కాగు, గుండిగ, గంగాళం: మా ఊళ్లో బడికి పోని పిల్ల కూడా మెడ చూసి, మూతి చూసి ఏది ఏదో చెప్పేది. లోహం అన్నారు. ప్లాస్టిక్ కాదని తేలినందుకు సంతోషం. రాగిలో తుత్తునాగం కలిస్తే ఇత్తడి, తగరం కలిస్తే కంచు. పెద్ద మ్యూజియాల్లో ఇప్పుడు చేతిలో పట్టుకునే యంత్రం ఒకటి ఉంటుంది. ఎక్స్‌ కిరణాలతో, గీత కూడా పడకుండా, ఎంత రాగో ఎంత తుత్తునాగమో చెప్పేస్తుంది. అది మీకు లేదు, సరే. వేలి కణుపులైనా ఉన్నాయి కదా? మా పక్కింటి ముసలమ్మ ఒక్కసారి కణుపుతో కొట్టి, మోత విని, ఇత్తడో కంచో చెప్పి తన పనిలో తాను పడిపోయేది.

ఇక 19వ శతాబ్దం. ఆ గంగాళానికి అంచు కింద, కడియం పక్కన, చుక్కలు చుక్కలుగా అక్షరాలు కొట్టి ఉంటాయి. మా అమ్మమ్మ పేరు, ఊరు, 1958లో ఆవిడ పెళ్లి తేదీ. ఆవిడ మేనమామ పెట్టిన గంగాళం అది. పేరు కొట్టిన అతను చోటు చూసుకోలేదు. అక్షరాలు పోనుపోను పైకి ఎగబాకి, ఊరి పేరులో ఆఖరి అక్షరం కడియం కిందికి దూరిపోయింది. అంత స్పష్టంగా సంవత్సరంతో సహా ఉంటే, ‘సుమారు’ అన్న ఒక్క మాట అడ్డం పెట్టుకుని మీరు మా అమ్మమ్మ పెళ్లిని కనీసం యాభై ఎనిమిదేళ్లు వెనక్కి జరిపారు. ఆవిడ పుట్టకముందే ఆవిడకు పెళ్లి చేశారు. బాల్యవివాహాలు ఆపడానికి శారదా చట్టం తెచ్చినవాళ్లు కూడా ఇంత ఘోరం ఊహించి ఉండరు.

ఎలా జరిగిందో అక్కడ నిలబడగానే అర్థమైంది. పేరున్న వైపు ఒక పెద్ద సొట్ట ఉంది. సొట్ట అందంగా ఉండదు కాబట్టి ఆ వైపును గోడకు తిప్పి, నునుపైన వైపును మాకు పెట్టారు. అంటే ఆ గంగాళాన్ని సగం చుట్టు తిప్పితే చాలు. సగం చుట్టు! ఇంట్లో ఏ కోడలైనా తోముతూ తోముతూ రోజుకు పదిసార్లు తిప్పుతుంది.

వస్తువు వెనక్కి వెళ్లి చూడటమే క్యూరేటరు ఉద్యోగమని అనుకునేవాణ్ని. అమరావతి స్తూపం పలక ఒకటి బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఒక వైపు స్తూపం బొమ్మ, క్రీ.శ. 3వ శతాబ్దపు పని. రెండో వైపు చూస్తే బోధివృక్షం, కింద ఖాళీ ఆసనం, మొక్కుతున్న మనుషులు. ఇది క్రీ.పూ. 1వ శతాబ్దం నాటిది. అంటే మన శిల్పులు తాతలనాటి రాయిని తిప్పి, వెనక కొత్తగా చెక్కుకున్నారు. బుద్ధుడి రూపం చెక్కకుండా ఆసనం ఖాళీగా వదిలిన కాలమూ, తర్వాతి కాలమూ ఒకే రాతికి అటొకటి ఇటొకటి. ఆ పలకను మీలాంటి వారి చేతికిచ్చి ఉంటే సగం కథ గోడే చదువుకునేది.

ఆ రాళ్లేమీ తక్కువ అవమానాలు పడలేదు లెండి. 1845లో వాల్టర్ ఇలియట్ అనే కంపెనీ అధికారి తవ్వించినవి మద్రాసులో ఏళ్ల తరబడి పడి ఉండి, 1859లో లండన్‌కు ఓడెక్కాయి. అక్కడా గుర్రపుబండ్ల కొట్టంలో పడేస్తే, 1867లో ఫెర్గూసన్ అనే ఆయన చూసి వెలికి తీశాడు. కాబట్టి పారేసుకోవడంలో మీరు ఒంటరివారు కారు, మీ వెనక పెద్ద వంశమే ఉంది. కానీ వాటిని పారేసుకోకముందే, 1816 ప్రాంతంలో, కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ మనుషులు అమరావతిలో కూర్చుని పలకలకు బొమ్మలు గీసి పెట్టారు. తర్వాత రాళ్లు చాలా పోయాయి, కాగితాలు మిగిలాయి. పోయిన పలక ఎలా ఉండేదో ఈ రోజు ఆ గీతల్లోనే చూసుకోవాలి.

ఆ మెకంజీ దగ్గరే మన కావలి సోదరులు, బొర్రయ్యా లక్ష్మయ్యా, పనిచేశారు. ఊరూరా తిరిగి ఏ గుడి ఎవరు కట్టారు, ఏ చెరువు ఎవరు తవ్వించారు అని ఊరివాళ్లను అడిగి రాసుకున్న ఆ బృందం పుణ్యమే మన కైఫీయత్తులు. వాటిలో పుక్కిటి పురాణాలు లేవని ఎవరూ అనరు. కానీ చెప్పినవాడు చెప్పినట్టు రాసుకున్నారు. ‘తెలియదు’ అని రాసేసి భోజన విరామానికి వెళ్లలేదు.

తెలియదనే చీట్ల కన్నా తెలిసినట్టు రాసే చీట్లు ఇంకా ప్రమాదమని మీరు వాదించవచ్చు. ఒప్పుకుంటాను. ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధ క్షేత్రం నుంచి దొంగలెత్తుకుపోయిన సున్నపురాతి శిల్పాన్ని, బుద్ధుణ్ని కొలిచే భక్తుల బొమ్మను, 2005లో ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ దాదాపు 6 లక్షల అమెరికన్ డాలర్లు పోసి కొంది. కాగితాలన్నీ పక్కాగా ఉన్నాయి, ఎప్పుడో దశాబ్దాల కిందటే హాంకాంగ్‌లో ఎవరో కొన్నట్టు. ఆ కాగితాల నోరు మూయించింది, ఆ రాయి చందవరంలో ఉండగా తీసిన ఒక పాత ఫొటో. 2016లో గ్యాలరీ ఆ శిల్పాన్ని మన దేశానికి అప్పగించింది. ఒక ఫొటో, దాన్ని వెతికిపట్టి పక్కన పెట్టి చూసే ఓపిక. అంతకు మించి ఏమీ లేదు.

మా దగ్గర ఫొటో లేదు. ఫొటోకు మించినది ఉండేది.

2011లో గంగాళాన్ని మీ కార్యాలయానికి ఇచ్చినప్పుడు దాంతోపాటు ఒక ఉత్తరం కూడా ఇచ్చాం. అమ్మమ్మ చెబుతుంటే అమ్మ రాసింది. రూళ్ల కాగితం, ఒకటిన్నర పేజీ, నీలం సిరా. కిటికీ దగ్గర గుమాస్తా గారు ఆ ఉత్తరాన్ని చదవకుండానే నాలుగు మడతలు పెట్టి సొరుగులో వేశారు. ‘లోహపు పాత్ర - 1, అందినది’ అని రశీదు రాసి ముద్ర కొట్టారు. ఆ రశీదు నా దగ్గరుంది. దాత పేరు, సంతకం, తేదీ అన్నీ మీ ముద్రతో సహా ఉన్నాయి. దాత తెలియదట!

అందులో ఏముందో చెబుతాను వినండి. 1977 నవంబరు 19. దివిసీమ ఉప్పెన. మా వాళ్లు బడి డాబా ఎక్కి బతికారు. దిగి వచ్చేసరికి ఇల్లున్న చోట ఇల్లు లేదు, ఏ గిన్నె ఎటు పోయిందో తెలియదు. దాదాపు 10 వేల మంది పోయిన చోట గిన్నెల గురించి ఏడ్చేవాళ్లు ఎవరు? రెండు వారాలకు ఒక మనిషి సైకిలు వెనక గంగాళం కట్టుకుని, పేరు చెప్పి అడుగుతూ వచ్చాడు. ఎక్కడో మూడు కోసుల అవతల తుమ్మచెట్ల మధ్య బురదలో దొరికిందట. బురద కడిగితే చుక్కల అక్షరాలు బయటపడ్డాయి, పేరూ ఊరూ. అమ్ముకుంటే ఆయనకు నాలుగు రోజుల తిండి. తెచ్చి ఇచ్చి, మంచినీళ్లు తాగి, వెళ్లిపోయాడు. ఆయన ఇంట్లో ఎవరు మిగిలారని అమ్మమ్మ అడగలేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు గంగాళం తోమినా ఆ మాటే అనేది: అడగాల్సింది, అడగాల్సింది. నన్ను అందులో కూర్చోబెట్టి నీళ్లు పోస్తూ కూడా అనేది. నేను సబ్బు నురగతో ఆడుకుంటూ ఉండేవాణ్ని.

ఆ మనిషి ఊరి పేరు అమ్మమ్మకు తెలుసు. ఉత్తరంలో రాయించింది. నాకు తెలియదు. మొన్న బస్సులోంచే అమ్మకు ఫోను చేసి అడిగాను. “అంతా రాసిచ్చాం కదరా, అక్కడ ఉంటుంది చూడు” అంది. ఇదీ సంగతి. రాసిచ్చామన్న ధైర్యంతో మేము మరిచిపోయాం. అమ్మమ్మ 2012లో పోయింది.

చీటీ గారూ, ఇక్కడి నుంచి మిమ్మల్ని మీరు అనడం నా వల్ల కాదు. నువ్వెవరివి? వేలెడు కాగితం ముక్కవి. తెలియదు అనడానికి నీకేం హక్కుంది? తెలియకపోవడం వేరు, తెలిసినవాళ్లు తెచ్చి చేతిలో పెడితే సొరుగులో పడేయడం వేరు. ఆకలితో ఉన్న మనిషి మూడు కోసులు సైకిలు తొక్కి తిరిగి ఇచ్చినదాన్ని, జీతం తీసుకుంటూ, ఫ్యాను కింద కూర్చుని పోగొట్టారు. ఉప్పెన చేయలేని పని మీ సొరుగు చేసింది.

క్షమించండి. గొంతు పెరిగింది. ఆ రోజు అక్కడా పెరిగింది, అందుకే గది ఊడుస్తున్నావిడ చీపురు పక్కన పెట్టి వచ్చారు. బయటికి పొమ్మంటారేమో అనుకున్నాను.

“ఆవిడ మీకేమవుతారండీ?” అన్నారు.

“ఏ ఆవిడ?”

“వెనక పేరుంది కదా, ఆవిడ. దుమ్ము తుడవడానికి అద్దం తీస్తారు నెలకోసారి. కూడబలుక్కుని చదివాను. ఊరి పేరులో చివరిది మాత్రం కడియం కింద ఉండిపోయింది.”

మీ సంస్థలో ఒక క్యూరేటరు ఉన్నారండీ. జీతం మాత్రం ఊడ్చినందుకు ఇస్తున్నారు.

ఆవిడ చెప్పగానే మా అమ్మాయి పెట్టె పక్కకు వెళ్లింది. గోడకూ అద్దానికీ మధ్య జానెడు సందు ఉంది. చెంప గోడకు ఆనించి, నా ఫోను దీపం వేసుకుని, ఒక్కో అక్షరం చదివింది. పేరు పూర్తయ్యాక నా వైపు తిరిగి చూసింది. ఈసారి జాలి లేదు. ఆ పేరు ఈ ఉత్తరంలో కావాలనే రాయడం లేదు. మీకు కావాలంటే మీరే వెళ్లి చూసుకోండి, సందు ఎక్కడుందో ఆవిడ చూపిస్తారు.

“ఇంత సొట్ట ఎలా పడిందండీ?” అని ఆవిడ అడిగారు. బెంచీ మీద కూర్చుని ఉప్పెన దగ్గర మొదలుపెట్టాను. సైకిలు దగ్గరికి వచ్చేసరికి మూసే వేళ గంట కొట్టారు. ఆవిడ లేవలేదు.

“ఏ ఊరాయన?” అన్నారు.

అక్కడ ఆగిపోయాను. మిగతాది మీ సొరుగులో ఉంది. నీలం సిరా, నాలుగు మడతలు. వెతికించండి.

ఇట్లు,
సదరు పాత్రలో ఐదేళ్లు వచ్చేదాకా నీళ్లు పోయించుకున్నవాడు

తా.క.: రశీదు నకలు జతచేశాను. రెండు వైపులా చూడగలరు.