కొనుగోలు ధర పంచుకున్నంత మాత్రాన సరిపోదు
పందెపు గుర్రాల ఉమ్మడి యాజమాన్యంపై మీరు ప్రచురించిన వ్యాసం చదివాను. నలుగురైదుగురు కలిస్తే మేలుజాతి పందెపు గుర్రప్పిల్ల మధ్యతరగతి వారికీ అందుతుందన్న వ్యాసకర్త మాట కొనుగోలు ధర వరకే నిజమని నా అభిప్రాయం. ధర ఒక్కసారి చెల్లించేది. శిక్షకుడి రుసుము, దాణా, గిట్టలకు నాడాలు, పశువైద్యుడి ఖర్చు మాత్రం గుర్రం పరుగెత్తినా, లాయంలోనే నిలబడినా నెలనెలా వాటాదారులందరిపై పడుతూనే ఉంటాయి. మా వరంగల్ వారికి చిట్టీల లెక్క అలవాటే గానీ, చిట్టీకి గడువుంటుంది, దీనికి ఉండదు. హనుమకొండకు చెందిన మా మిత్రబృందం హైదరాబాద్‌లోని మలక్‌పేట గుర్రప్పందేల మైదానంలో శిక్షణ పొందుతున్న రెండేళ్ల ఆడగుర్రంలో వాటా తీసుకున్నప్పుడు, జీను, రౌతు బరువు అలవాటై, దౌడు వేగం పెంచుతున్న దశలో దాని ముందుకాళ్ల ఎముకలు వాచాయి. ఎముక ఇంకా గట్టిపడని ఈ వయసులో అది సర్వసాధారణమేనని, విశ్రాంతి ఇవ్వాలే తప్ప తొందరపెట్టకూడదని శిక్షకుడు చెప్పిన మాట సరైనదే అయినా, ఇద్దరు భాగస్వాములు ఆ నెలల ఖర్చు భరించలేక తప్పుకోజూశారు. వారి వాటా ఎవరు, ఏ ధరకు తీసుకోవాలో ఒప్పందంలో లేనందున వివాదం సాగింది. ఆడగుర్రం గనుక, పందేలు ముగిశాక సంతానోత్పత్తికైనా విలువ ఉంటుందన్న ఆశ మిగిలింది. విత్తులు తీసిన మగగుర్రానికి అదీ ఉండదు. వ్యాసంలో ఈ ఒప్పందపు షరతుల గురించి ఒక్క వాక్యమైనా లేకపోవడం పెద్ద లోపం.