ఊళ్ళో జాగా అమ్మి ఊరి బయట ఇళ్ళు: ఈ లెక్క ఎక్కడ తప్పిందంటే

తిరుపతి కాలనీ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. చివర్లో ‘తప్పక షేర్ చేయండి’ అని దండం బొమ్మ కూడా ఉంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ. కార్పొరేషన్ చేతిలో ఊరి నడిబొడ్డున కోట్లు పలికే జాగాలున్నాయి, వాటిలో పేదలకు ఇళ్ళు కట్టడం తెలివితక్కువ పని. వేలం వేసి, ఆ డబ్బుతో బయట అయిదింతల భూమి కొంటే రెండింతలకు పైగా ఇళ్ళొస్తాయి. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టిడ్కో పేదలకని కట్టిన అపార్ట్‌మెంటు ఇళ్ళు ఏమయ్యాయో చూశాం. ఊళ్ళో ఇల్లిస్తే ఎలాగూ అద్దెకిచ్చుకుంటారు, అమ్ముకుంటారు. చుట్టుపక్కల ఆస్తుల రేట్లు పడిపోతాయి. అసలు ఇళ్ళు కట్టడం కార్పొరేషన్ పనే కాదు, అంత జాలి ఉంటే టీటీడీని భూమి ఇవ్వమనండి.

చదివితే సబబుగానే అనిపిస్తుంది. అందుకే ఇంతమంది ఫార్వర్డ్ చేశారు.

ముందు వేలం లెక్క చూద్దాం. దీన్ని తీసిపారేయడానికి లేదు, కూడికలూ గుణకారాల వరకు అది సరిగ్గానే ఉంది. ఎకరమంటే 100 సెంట్లు. రోడ్లకూ కాలువలకూ ఖాళీ జాగాకూ 40 సెంట్లు వదిలితే సెంటుకొకటి చొప్పున 60 ఇళ్ళు వస్తాయి. (సెంటంటే మన తిరుపతి లెక్కలో 12 అంకణాలు. అందులో ఒక కుటుంబం మంచమూ బీరువా ఎలా సర్దుకోవాలన్నది వేరే కథ.) అదే ఊళ్ళో అయితే ఎకరంలో మూడో వంతు మీద జీ ప్లస్ త్రీ (కింద ఒకటి, పైన మూడు అంతస్తులు) లేపి, మెట్లూ వరండాలతో కలిపి ఇంటికి 480 చదరపు అడుగులు వేసుకుంటే 120 దాకా వస్తాయి. ఊళ్ళో ఒక ఎకరం అమ్మి బయట అయిదు కొంటే 300 ఇళ్ళు. నూట ఇరవై కంటే మూడొందలు ఎక్కువే, కాదనను. మెసేజ్ రాసినాయన సరిగ్గా అక్కడే పెన్ను మూసేశాడు.

ఆ అయిదెకరాలకు తాగునీటి పైపు ఎవరు వేస్తారు? డ్రైనేజీ, కరెంటు లైను, బస్సు తిరిగే రోడ్డు, పిల్లల బడి? ఊళ్ళో జాగా పక్కనుంచే ఇవన్నీ పోతుంటాయి, కలుపుకుంటే చాలు. బయట ఒక్కొక్కటీ కొత్తగా వేయాలి. వేలంలో మిగిలిందనుకున్న డబ్బు ముందు ఈ దారిన పోతుంది. పైగా తిరుపతికి ‘బయట’ అన్నది దగ్గర్లో లేదు. ఉత్తరాన శేషాచలం కొండలు, రిజర్వు అడవి. దక్షిణాన స్వర్ణముఖి. ఊరు సాగితే ఇటు రేణిగుంట వైపు, అటు చంద్రగిరి వైపు సాగాలి. ఆ దారుల్లో చవగ్గా భూమి దొరికే చోటికి ఎప్పుడైనా వెళ్ళి చూడండి, ఎంత దూరమో తెలుస్తుంది.

ఇక ఆ ఇంట్లో ఉండబోయే వాళ్ళ లెక్క. ఈ ఊరు నడిచేది తెల్లవారకముందు. బస్టాండు చుట్టూ ఉన్న లాడ్జీల్లో యాత్రికులు దర్శనానికని ఏ మూడింటికో నాలుగింటికో గది ఖాళీ చేస్తారు. వెంటనే దుప్పట్లు మార్చాలి, బాత్రూము కడగాలి, తలనీలాలిచ్చి దిగిన వాళ్ళ కోసం బక్కెట్లలో వేడినీళ్ళు సిద్ధం చేయాలి. పారిశుద్ధ్య కార్మికులు చీకటితోనే మస్టరుకు నిలబడాలి. పూలు కట్టేవాళ్ళకు పూలు దిగేది ఆ వేళకే. ఆ టైంలో ఇరవై కిలోమీటర్ల అవతల నుంచి ఏ బస్సు వస్తుంది? షేర్ ఆటో దొరికిందే అనుకుందాం. మనిషికి పోను 30, రాను 30 చొప్పున 26 రోజులకు 1,560 రూపాయలు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ పనిచేస్తే 3,120. ఇప్పుడు దీని పక్కన ఇంకో అంకె పెట్టండి. టిడ్కోలో 365 చదరపు అడుగుల ఇంటికి లబ్ధిదారు పేరున పెట్టిన బ్యాంకు అప్పు 3.15 లక్షలు. 9 శాతం వడ్డీకి 20 ఏళ్ళు వేసుకుంటే నెల కిస్తీ 2,830 దాకా వస్తుంది. అంటే ఇంటి కిస్తీ కన్నా ఆటో ఖర్చే ఎక్కువ. చవక ఇల్లు ఇచ్చామని మనం అనుకుంటాం, వాళ్ళు మాత్రం ప్రతి నెలా రెండో కిస్తీ కట్టుకుంటూ పోతారు.

చెన్నై వాళ్ళు ఈ ప్రయోగం మనకంటే ముందే చేసి చూశారు. 2000 నుంచి నది ఒడ్డునా, కాలువ గట్ల మీదా ఉన్న కుటుంబాలను ఊరి చివర కన్నగి నగర్‌కు, ఆ తర్వాత పెరుంబాక్కానికి తరలించారు. ఇళ్ళైతే వేలల్లో వచ్చాయి. ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళకు పనులు పోయాయి, పిల్లలకు బడులు తప్పిపోయాయి, కొందరు ఇల్లు వదిలేసి తిరిగి ఊళ్ళోకే అద్దెకు వచ్చేశారు. వాళ్ళను తరలించిన తమిళనాడు మురికివాడల నిర్మూలన బోర్డే 1970ల్లో గుడిసెలున్న చోటే నాలుగంతస్తుల బ్లాకులు కట్టింది. అవి పాతబడితే ఇప్పుడు కూలగొట్టి మళ్ళీ అక్కడే కడుతోంది. జనం ఆ చోటు వదల్లేదు కాబట్టే ఆ పని చేయాల్సి వచ్చింది.

వేలం గురించి ఇంకొక్క మాట. అమ్మిన డబ్బు మీద ‘పేదల ఇళ్ళకు మాత్రమే’ అని ముద్ర ఏమీ ఉండదు. తీర్మానంలో ప్రత్యేకంగా రాసి, వేరే ఖాతాలో పెడితే తప్ప అది మామూలు ఖజానాలో కలుస్తుంది. అక్కడ జీతాలుంటాయి, కాంట్రాక్టర్ల పాత బిల్లులుంటాయి. రెండేళ్ళకు జాగా ఉండదు, డబ్బూ ఉండదు. కేంద్రం పట్టణ ఆవాస్ యోజన కింద ఇంటికిచ్చే లక్షన్నర కట్టడానికే తప్ప స్థలం కొనడానికి కాదు. స్థలం రాష్ట్రమో స్థానిక సంస్థో చూపించాలి. అప్పు చేయకుండా కార్పొరేషన్ పెట్టగలిగిన వాటా ఈ జాగా ఒక్కటే. దాన్ని అమ్మేస్తే రేపు పథకం వచ్చినప్పుడు ఏం చూపిస్తారు?

టిడ్కో మాటకొద్దాం. ఆ మెసేజ్‌లో నిజానికి దగ్గరగా ఉన్నది ఇదొక్కటే. షియర్‌వాల్ పద్ధతిలో (ఇటుకలు పేర్చకుండా కాంక్రీటు పోసి) గోడలు చకచకా లేచాయి, రంగులు కూడా పడ్డాయి, రాష్ట్రమంతటా ఎన్నో బ్లాకులు తాళాలతో ఏళ్ళ తరబడి ఉండిపోయాయి. అప్పు మొదలై ఇల్లు చేతికి రాని వాళ్ళకు బ్యాంకు నోటీసులు వచ్చాయి. కానీ అవి ఎందుకు ఆగాయి? నీళ్ళు లేక, మురుగునీటి దారి లేక, రోడ్డు లేక. అంటే పైన చెప్పుకున్నవే. ప్రభుత్వం మారడమూ ఒక కారణమే. 300 అడుగుల ఇల్లు ఒక్క రూపాయికే అన్నారు, పెద్ద ఇళ్ళకు ముందు కట్టే వాటా సగం చేశారు, లబ్ధిదారుల జాబితాలు మార్చారు. ఈ లోపు గడ్డి మొలిచింది. ఊరికి దూరంగా, వసతులు లేని చోట కట్టడం వల్ల పాడైన పథకాన్ని చూపించి, మళ్ళీ ఊరికి దూరంగా కట్టమనడం ఏం వాదనో నాకు బోధపడలేదు.

‘అమ్ముకుంటారు, అద్దెకిచ్చుకుంటారు’. అవును, కొందరు చేస్తారు. దూరంగా ఇచ్చిన చోట ఇంకా ఎక్కువగా చేస్తారు, ఎందుకంటే అక్కడుంటే పూట గడవదు. సెంటు పట్టా ఇచ్చాక ఆ స్థలం ఎవరి చేతుల్లోకి పోతోందో చూసుకునే ఓపిక ఏ ఆఫీసుకూ ఉండదు. కార్పొరేషన్ సొంత జాగాలో అయితే దీనికొక మందుంది. భూమి కార్పొరేషన్ పేరునే ఉంచి, ఇంటిని దీర్ఘకాలం లీజుకో, నెల అద్దెకో ఇవ్వొచ్చు. అద్దె ఇళ్ళ సముదాయాల కోసమే కేంద్రం 2020లో ఒక పథకం పెట్టింది, ఖాళీగా ఉన్న ప్రభుత్వ ఇళ్ళను అద్దెకు తిప్పుకోవచ్చని కూడా చెప్పింది. తిరుపతిలాంటి ఊరికి ఇదే ఎక్కువ పనికొస్తుంది. ఇక్కడి లాడ్జీల్లో, హోటళ్ళలో, ఆసుపత్రుల్లో పనిచేసే వాళ్ళలో చాలామందికి కావాల్సింది సొంత పట్టా కాదు, నడిచి పనికి పోగలిగే దూరంలో తలుపుకు గడియ ఉన్న ఒక గది. అందరికీ రిజిస్ట్రేషన్ కాగితమే ఇవ్వాలన్న పట్టుదల నాయకులది. ఫొటోకు అదే బాగుంటుంది మరి.

ఆస్తుల రేట్లు పడిపోతాయన్న భయానికి ఎక్కువ చెప్పక్కర్లేదు. హైదరాబాదు కేపీహెచ్‌బీ కాలనీ హౌసింగ్ బోర్డు కట్టిందే. ఎల్‌ఐజీ (తక్కువ ఆదాయం వాళ్ళ ఇల్లు), ఎంఐజీ (మధ్య ఆదాయం వాళ్ళది) అన్న పేర్లు ఇంకా అడ్రసుల్లో ఉన్నాయి. ఇప్పుడు అక్కడ ఎల్‌ఐజీ ఇల్లు కొనాలంటే మధ్యతరగతి మనిషికి చెమటలు పడతాయి. రేటు పడేది పేదవాళ్ళు పక్కకొచ్చినందుకు కాదు. చెత్త ఎత్తకపోతే, డ్రైనేజీ పొంగితే పడుతుంది. ఆ పని ఎలాగూ కార్పొరేషన్‌దే.

అసలు ఇళ్ళు కార్పొరేషన్ పనే కాదంటారా? 74వ సవరణతో రాజ్యాంగంలో చేరిన 12వ షెడ్యూలు తీసి చూడండి. పట్టణ ప్రణాళిక, మురికివాడల అభివృద్ధి, పట్టణ పేదరిక నిర్మూలన, మూడూ పట్టణ సంస్థలకు అప్పగించదగిన పనులుగా ఆ 18 అంశాల్లోనే ఉన్నాయి.

టీటీడీ భూమి గురించి కూడా సూటిగానే చెప్పుకోవాలి. అది దేవుడి పేరున ఉన్న ఆస్తి. 1987 దేవాదాయ చట్టం ప్రకారం ధార్మిక సంస్థల స్థిరాస్తిని ఇష్టమొచ్చినట్టు రాసిచ్చేయడం కుదరదు. ఎవరిదాకానో ఎందుకు, టీటీడీ తన ఉద్యోగుల ఇళ్ళ స్థలాలకే వడమాలపేట దగ్గర పాదిరేడు అరణ్యంలో ప్రభుత్వ భూమిని డబ్బు కట్టి తీసుకుంది. కార్పొరేషన్ జాగా సంగతి అడిగితే టీటీడీ వైపు వేలు చూపించడం మాట దాటేయడమే.

ఇంతా చెప్పి, ఖాళీగా కనిపించే ప్రతి జాగాలోనూ బ్లాకులు లేపమనడం లేదు. 2021 నవంబరులో కొండ మీద పడిన వాన ఊళ్ళోకి ఎలా దిగిందో, ఏయే వీధుల్లో నడుముల్లోతు నీళ్ళు నిలిచాయో అప్పుడు ఇక్కడున్న వాళ్ళెవరూ మరిచిపోరు. చెరువు గర్భం, వాగు పోరంబోకు, లేఅవుట్లలో పార్కు కోసం గిఫ్ట్ డీడ్ రాసిచ్చిన పది శాతం ఖాళీ స్థలం, వీటి జోలికి పోకూడదు. పార్కుకని వదిలిన చోట ఆసుపత్రి కడతామన్నా కుదరదని బెంగళూరు కేసులో సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. ఇవి తీసేస్తే మిగిలేవి పాత క్వార్టర్లు, షెడ్లు, లీజు గడువు తీరినా ఖాళీ చేయని షాపుల స్థలాలు, వాడకంలో లేని ఆఫీసు ఆవరణలు.

ఆ మిగిలినవి ఎన్నో, ఎక్కడో ముందు ఊరికి తెలియాలి. తిరుపతి 2007లో కార్పొరేషన్ అయింది, తొలి కౌన్సిల్ ఎన్నిక 2021లో గానీ జరగలేదు. మధ్యలో పద్నాలుగేళ్ళు ప్రత్యేకాధికారుల చేతుల్లోనే నడిచింది. ఆ కాలంలో ఏ జాగా ఎవరికి లీజుకిచ్చారు, ఎంతకిచ్చారు, గడువెప్పుడు తీరుతుంది అన్న వివరాలతో ఆస్తుల రిజిస్టరు మొత్తం వార్డు సచివాలయాల్లో గోడకు అంటించమని అడగండి. సమాచార హక్కు కింద పది రూపాయల దరఖాస్తు చాలు. వేలమా, ఇళ్ళా అన్న మాట ఆ జాబితా చేతికొచ్చాక, ఒక్కో జాగా పేరు పెట్టి మాట్లాడుకోవచ్చు.