తాత సమాధి, 39 ట్యాంకులు

మా పెద్దనాన్న రెండెకరాల చెలక అమ్మినప్పుడు దస్తావేజులో ఒక్క ముక్క పట్టుబట్టి రాయించాడు. పొలం మధ్యలో వేపచెట్టు కింద ఉన్న తాత సమాధి, దాని చుట్టూ నాలుగు గజాల జాగా, అక్కడిదాకా గట్టు మీద నడకదారి అమ్మకంలో చేరవు. ఏటా పెత్రమాసకు మేం వెళ్లి దీపం పెట్టుకోవాలి. కొన్నాయన సరేనన్నాడు. డాక్యుమెంట్ రైటర్ అయితే ఇలాంటివి రోజుకు రెండు రాస్తానన్నట్టు తల కూడా ఎత్తలేదు. అప్పటినుంచి ఏడాదికో చాలు చొప్పున ట్రాక్టరు సమాధి వైపు జరుగుతూనే ఉంది.

ఇలాంటి దస్తావేజు రెండు దేశాలు రాసుకుంటే ఎలా ఉంటుందో తెలియాలంటే 1921 అక్టోబరు 20న ఫ్రాన్స్, టర్కీ అంకారాలో చేసుకున్న ఒప్పందం చూడాలి. టర్కీ నుంచి రాజ్యమేలిన ఒట్టోమన్ సుల్తానుల ఆస్తి పంపకాలకు వచ్చిన రోజులవి. డమాస్కస్ పోయింది. అలెప్పో పోయింది. బాగ్దాద్, జెరూసలేం అంతకుముందే పోయాయి. సిరియా ఫ్రాన్స్ గుప్పిట్లో ఉంది. ఇంత పోగొట్టుకున్నవాళ్లు తొమ్మిదో అధికరణంలో ఒక్క ముక్క రాయించుకున్నారు: సిరియాలో జాబర్ కోట దగ్గరున్న సులేమాన్ షా సమాధి మాత్రం మాదే, కాపలా మేం పెట్టుకుంటాం, జెండా మేం ఎగరేసుకుంటాం. ఊళ్లకు ఊళ్లే చేజారినా తాత సమాధి వదులుకోని ఆ పట్టుదల చూస్తే మా పెద్దనాన్న దండం పెట్టేవాడు.

సులేమాన్ షా అంటే ఒట్టోమన్ వంశానికి మూలపురుషుడైన ఒస్మాన్‌కు తాత. టర్కీవాళ్ల నమ్మకం అది. 13వ శతాబ్దంలో తెగను వెంటేసుకుని తిరుగుతూ యూఫ్రటీస్ దాటబోయి మునిగిపోయాడట. అక్కడున్నది అసలు ఆయనేనా, అదే పేరున్న ఇంకొకడా, అంటే ఒట్టోమన్ల కంటే ముందటి సెల్జుక్ తుర్కుల నాయకుడా అని చరిత్రకారులు సణుగుతుంటారు. సణగడం వాళ్ల వృత్తి. లోపల ఎవరున్నారన్నది పండితుల గొడవ, పైన ఏ జెండా ఉందన్నది ప్రభుత్వాల గొడవ. రెండిటినీ కలపకూడదు.

బతికున్నంతకాలం సంచారి కదా, పోయాక కూడా పెద్దాయనకు ఒక చోట కుదురు దొరకలేదు. 1970ల్లో సిరియా యూఫ్రటీస్ మీద తబ్కా దగ్గర డ్యామ్ కట్టింది. సమాధి ముంపులోకి వస్తుందని తేలింది. ముంపు అంటే మనకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. నాగార్జునసాగర్ నీళ్లొస్తున్నాయని నాగార్జునకొండ శిథిలాలను రాయి రాయి మోసి గుట్టమీదికి ఎక్కించుకున్నవాళ్లం, శ్రీశైలం నీళ్లకు భయపడి కూడవెల్లి సంగమేశ్వరుణ్ని అలంపురం తెచ్చుకున్నవాళ్లం. సిరియా, టర్కీ కూడా మర్యాదగా మాట్లాడుకుని సమాధిని నది వెంట ఎగువకు, కరాకోజాక్ అనే చోటికి మార్చాయి. టర్కీ సరిహద్దుకు 30 కిలోమీటర్లు అటూఇటూ. విశేషం ఏమిటంటే, సమాధితో పాటు హక్కు కూడా కదిలింది. రెండెకరాల పైచిలుకు టర్కీ నేల సిరియాలో ఒక చోటు నుంచి లేచి ఇంకో చోట కూర్చుంది. సర్వే నంబరును మోసుకుని నడిచే పొలం. మన రెవెన్యూ వాళ్లకు ఈ కిటుకు ఇంకా చేరినట్టు లేదు, చేరకూడదని కోరుకుందాం.

2011లో సిరియాలో జనం రోడ్డెక్కారు, ప్రభుత్వం కాల్చింది, అది అంతర్యుద్ధమైంది. ఆ మంటలన్నిటి మధ్య ఈ రెండెకరాల్లో దాదాపు 40 మంది టర్కీ సైనికులు కాపలా కాస్తూ ఉన్నారు. చుట్టూ ఐసిస్. సమాధులు కనబడితే పేల్చేయడం ఆ ముఠాకు మతధర్మం.

2014 మార్చిలో ఒక ఆడియో బయటపడింది. టర్కీ పెద్దలు గదిలో కూర్చుని సమాధి గురించి, సిరియాలో దిగడం గురించి మాట్లాడుకుంటున్నారు. సాకు కావాలంటే నలుగురిని అటు పంపి, ఇటు ఖాళీ జాగాలో ఎనిమిది రాకెట్లు వేయిస్తానని అందులో ఒక గొంతు అంటుంది. ఆడియోలో కొంత మార్చారని టర్కీ ప్రభుత్వం చెప్పింది. ఏది మార్చారో, ఏది మార్చలేదో జనం మళ్లీ విని తేల్చుకునే అవస్థ లేకుండా యూట్యూబ్‌నే ఆపేసింది. దొంగలు పడ్డారని అరిస్తే వీధిలైట్లు తీసేసినట్టు.

అదే ఏడాది సెప్టెంబరులో ఐసిస్ సిరియాలో టర్కీ సరిహద్దును ఆనుకుని ఉన్న కుర్దుల పట్టణం కొబానీని చుట్టుముట్టింది. సరిహద్దు అవతల కుర్దులు చస్తూ పోరాడుతుంటే, ఇవతల గుట్ట మీద టర్కీ ట్యాంకులు వరసగా నిలబడి చూశాయి. ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. కొబానీ వైపు నుంచి పారిపోయి వచ్చిన లక్షల మందికి టర్కీయే గేటు తెరిచింది. తర్వాత్తర్వాత 35 లక్షలకు పైగా సిరియన్లు ఆ దేశంలో తలదాచుకున్నారు. అంతమందికి నీడనిచ్చిన దేశాలు ప్రపంచంలో ఎన్నో లేవు. కానీ ట్యాంకుల సంగతి వేరు. బతికున్నవాళ్ల కోసం అవి గుట్ట దిగలేదు.

తాతకోసం దిగాయి.

2015 ఫిబ్రవరి 21, శనివారం రాత్రి. ఆపరేషన్ పేరు 'షా ఫిరాత్'. ఫిరాత్ అంటే యూఫ్రటీసే. లెక్క అప్పటి టర్కీ ప్రధాని దావుతోగ్లూ స్వయంగా చెప్పారు: 572 మంది సైనికులు, 39 ట్యాంకులు, 57 సాయుధ వాహనాలు, మరో 100 బండ్లు. తీసుకురావాల్సిన కాపలాదారులు 40 మంది అనుకుంటే, మనిషికో ట్యాంకు చొప్పున దాదాపు సరిపోయింది. ప్రభుత్వ లెక్కలు ఇంత చక్కగా కుదరడం అరుదు. దారి ఎటు? అదే కొబానీ మీదుగా. నాలుగు నెలల కింద గుట్ట మీద నుంచి చూసిన ఆ ఊరి శిథిలాల మధ్య నుంచే. దారి మేమే ఇచ్చాం, తోడు కూడా వచ్చాం అని కుర్దులు అన్నారు. వాళ్ల సాయం మేం తీసుకోలేదని అంకారాలోని టర్కీ ప్రభుత్వం అంది. ఊళ్లో పలకరింపుల్లేని ఇద్దరు ఒకే బస్సులో, ఒకే సీట్లో ప్రయాణం చేసి, దిగాక ఆ మనిషెవరో తెలియదన్నట్టుంది.

సిరియా ప్రభుత్వానికి కబురు ఇస్తాంబుల్‌లోని వాళ్ల కాన్సులేట్ ద్వారా పంపారు. జవాబు కోసం ఆగలేదు. తాళం వేసిన ఇంటికి నోటీసు అంటించి, అదే తాళం పగలగొట్టుకుని పోవడం మనకూ తెలిసిన పద్ధతే. ఇది పచ్చి దురాక్రమణ అని డమాస్కస్ గోల పెట్టింది. సొంత ఊళ్ల మీద హెలికాప్టర్ల నుంచి పీపా బాంబులు దొర్లించే ప్రభుత్వానికి, ఒక్క రాత్రి సమాధి విషయంలో సార్వభౌమత్వం గుర్తొచ్చింది.

అస్థికలను, పవిత్ర వస్తువులను తీసుకున్నాక ఇక సమాధి భవనం మిగిలింది. ఐసిస్ వచ్చి పేల్చేస్తుందన్నది కదా భయం? ఆ అవమానం జరగకుండా, ఎవరూ వాడుకోకుండా, టర్కీ సైన్యమే దాన్ని పేల్చేసింది. దీన్ని మించిన ముందుజాగ్రత్త నేనెక్కడా వినలేదు. ఇంకో దళం అప్పటికే ఎష్మె అనే ఊరి దగ్గర చోటు చూసుకుని జెండా పాతేసింది. సిరియా లోపలే, కానీ సరిహద్దుకు సుమారు 200 మీటర్లు. తాత రాకముందే జెండా వచ్చింది. తెల్లారేసరికి అందరూ వెనక్కి చేరారు. యుద్ధం జరగలేదు. ఒక సైనికుడు మాత్రం ప్రమాదంలో చనిపోయాడు. ఏడు వందల ఏళ్ల కింద పోయినాయన్ని కాపాడబోయి పోయిన కుర్రాడు. ఈ ఒక్క చోట నాకు వెటకారం రావడం లేదు.

ప్రభుత్వం దీన్ని విజయం అంది. ప్రతిపక్షం పారిపోవడం అంది, ఒక్క తూటా పేల్చకుండా నేల వదిలేశారంది. రెండూ తప్పే. పల్లెటూళ్లో పుట్టినవాడెవడికైనా అసలు సంగతి వెంటనే అర్థమవుతుంది. ఇది రాత్రికి రాత్రి హద్దురాయి జరపడం. కాకపోతే మన దగ్గర రాయిని పక్కోడి పొలంలోకి జరుపుతారు, వీళ్లు మొదటిసారి కదా, పొరపాటున సొంత పొలం వైపు జరుపుకున్నారు. ఏడాదిన్నర తిరిగేసరికి ఆ తప్పు దిద్దుకున్నారు.

2016 ఆగస్టు 24న టర్కీ సైన్యం మళ్లీ సిరియాలోకి దిగింది. ఆ ఆపరేషన్ పేరు 'యూఫ్రటీస్ కవచం'. సరిగ్గా 500 ఏళ్ల కింద అదే రోజున ఒట్టోమన్ సుల్తాన్ సలీం మర్జ్ దాబిక్ దగ్గర, అప్పటిదాకా సిరియాను ఏలుతున్న మామ్లూకులను ఓడించి సిరియా గెలుచుకున్నాడు. క్యాలెండర్ చూసి ముహూర్తం పెట్టడం మన ఒక్కరి జబ్బే అనుకున్నాను. సరిహద్దు ఊళ్ల మీద ఐసిస్ రాకెట్లు పడిన మాట నిజం, సిరియాలోని కుర్దు సాయుధులు పీకేకే (టర్కీ మీద దశాబ్దాలు పోరాడిన కుర్దు తిరుగుబాటు సంస్థ) మనుషులేనన్నది టర్కీ వాదన. కారణాలకు కరువు లేదు. కరువల్లా పేర్లకే అనుకుంటే, అదీ లేదు.

2018 జనవరిలో సిరియాలోని కుర్దుల ప్రాంతం ఆఫ్రిన్ మీదికి వెళ్లినప్పుడు పెట్టిన పేరు 'ఆలివ్ కొమ్మ'. శాంతికి గుర్తు. ఆఫ్రిన్ ఆలివ్ తోటలకు పెట్టింది పేరు. లక్ష మందికి పైగా ఊళ్లు వదిలి పోయారు. కొమ్మ ఇస్తామని వెళ్లినవాళ్లు కాయలు తెచ్చుకున్నారు. ఆఫ్రిన్ ఆలివ్‌ల రాబడి పీకేకేకు పోకుండా మాకు రావాలని వ్యవసాయ మంత్రి పార్లమెంటులోనే చెప్పారు. దాపరికం లేని మనిషి. 2019 అక్టోబరులో 'శాంతి ఊట'. వెళ్లింది రాస్ అల్ ఐన్ మీదికి, ఆ పేరుకు అర్థమే ఊట తల అని, మన వైపు అయితే బుగ్గ అనేవాళ్లం. ఫిరంగులకు పేర్లు పెట్టేవాళ్లకు భూగోళం, కవిత్వం రెండూ బాగా వచ్చు.

నవ్వకండి, మనమూ తక్కువ తినలేదు. 1987 జూన్ 4న జాఫ్నా మీద మన విమానాలు సాయం సరుకులు జారవిడిచిన ఆపరేషన్ పేరు 'పూమాలై', అంటే పూలదండ. ముందురోజు పడవల్లో పంపితే శ్రీలంక నేవీ వెనక్కి తిప్పింది. అందుకని ఐదు ఏఎన్-32 విమానాల్లో సరుకులు, పక్కన కాపలాగా మిరాజ్‌లు. దండ వేయడానికి ఫైటర్ జెట్లు. తమిళులకు సాయమని వెళ్లిన మన శాంతిసేన ఆ అక్టోబరులో తమిళ టైగర్లతోనే యుద్ధానికి దిగింది. ఆ ఆపరేషన్ 'పవన్'. లంకకు వాయుపుత్రుడు ఒక్కసారి వెళ్లి, పని చూసుకుని, తోక ఆర్పుకుని వచ్చేశాడు. మనవాళ్లు 1990 మార్చిదాకా ఉన్నారు. వెయ్యి మందికి పైగా తిరిగి రాలేదు.

ఇంతకీ సులేమాన్ షా ఎష్మెలోనే ఉన్నారు. ఆ చోటు తాత్కాలికమని మొదట్నుంచీ చెబుతూనే ఉన్నారు. 2024 డిసెంబరులో సిరియా అధ్యక్షుడు అసద్ గద్దె దిగి విమానమెక్కి పోయాక, పెద్దాయన్ని మళ్లీ కరాకోజాక్ తీసుకెళ్లాలన్న మాట అంకారాలో వినిపించింది. సామాన్లు సర్దిపెట్టుకోవడం మంచిది.

మొన్న మా తమ్ముడు ఊరినుంచి ఫోన్ చేశాడు. పొలం కొన్నాయన కొడుకు బోరు వేస్తాడట, సమాధి అడ్డమొస్తోందట, గట్టు పక్కకు మారిస్తే ఖర్చు తనే పెట్టుకుంటానంటున్నాడట. పెద్దనాన్న లేడు కాబట్టి నన్ను అడుగుతున్నాడు. మార్చడానికి ఎంత బలగం కావాలన్నాను. వాడికి అర్థం కాలేదు.

"జేసీబీ ఒక్క పూట చాలు అన్నా" అన్నాడు.