'చదివి చూడు' అనే మనిషి కుర్చీ ఖాళీగా ఉంది

సిఫారసు అనగానే మనకు ఇప్పటికీ ఉద్యోగానికో బదిలీకో పెద్దవాళ్ల చేత రాయించుకున్న ఉత్తరమే గుర్తొస్తుంది. మంచి పుస్తకానికీ పాటకీ తిండికీ మనవాళ్లు ఆ మాట వాడలేదు. 'తిని చూడు' అన్నారు, 'విని చూడు' అన్నారు, 'చదివి చూడు' అన్నారు. ఆ 'చూడు'లో చెప్పేవాళ్ల పూచీ ఉంది. నచ్చకపోతే మర్నాడు నిలదీయడానికి మనిషి ఎదురుగా ఉంటాడు. ఆ పూచీ లేని మాటలు ఇవాళ ఫోన్లలో కుప్పలుగా వచ్చి పడుతున్నాయి. వాటిని నమ్ముకుని మన నోటినీ చెవినీ మనమే మొద్దుబార్చుకుంటున్నాం.

రేటింగుల గొడవ అందరికీ తెలిసిందే. సినిమా విడుదలైన మూడు రోజుల దాకా రివ్యూలు రాకుండా చూడమని 2024 డిసెంబరులో తమిళ నిర్మాతలు మద్రాసు హైకోర్టు మెట్లెక్కారు. డబ్బు పుచ్చుకుని పొగిడేవాళ్లు ఆ సంగతి బయటపెట్టాలని కేంద్రం 2023 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. అంతకు ముందే ఆన్‌లైన్ సమీక్షలకు ఐఎస్ 19000 అనే భారతీయ ప్రమాణమూ వచ్చింది. ఈ తంటాలన్నీ సమీక్ష అసలుదా, కొన్నదా అని తేల్చడానికే. సరే, అసలుదే అనుకుందాం. వేలమంది వేసిన నక్షత్రాలు కూడి భాగిస్తే వచ్చే నాలుగున్నర ఎవరి రుచి? సగటు నోరు ఎవరికీ ఉండదు. నెట్‌ఫ్లిక్స్ కూడా 2017లో ఐదు నక్షత్రాల పద్ధతి తీసేసి బొటనవేలు గుర్తు పెట్టుకుంది.

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రావులపాలెం వైపు వెళ్తే రోడ్డు పక్కన డబ్బాలు దొంతర్లుగా కనిపిస్తాయి. నేను అటు వెళ్తున్నానని తెలిసి మా పెద్దమ్మ ఒకటే చెప్పింది: "కొట్లో డబ్బా కొనుక్కుని వచ్చెయ్యకు. రేకు తీసే ఇంటికెళ్లు. ఏమీ వెయ్యకుండా ఒక్క రేకు అడిగి తిను." వెళ్లాను. బోర్లించిన కుండ, కింద ఎండు కొబ్బరాకు మంట. ఆవిడ పల్చటి బియ్యప్పిండి నీళ్లలో గుడ్డ ముంచి, కుండ వీపు మీద ఒక్క లాగు లాగింది. కళ్లు మూసి తెరిచేలోగా తెల్లటి పొర అంచు పైకి లేచింది. దాన్ని అలాగే చేతికిచ్చింది. తీపి లేదు, ఉప్పు లేదు. కొత్త బియ్యం వాసన, కాస్త పొగ వాసన, నాలుక మీద పెట్టగానే మాయం. ఆ తర్వాత నెయ్యి, బెల్లం పొడి పడిన రేకు తింటే, అవి అందులో ఎందుకున్నాయో మొదటిసారి నోటికి తెలిసింది.

ఆ మాట పూతరేకుల గొప్పతనం గురించి మాత్రమే అయితే ఏ వీడియోలోనైనా దొరికేది. తీపి అంటే నేను మొహం తిప్పుకుంటానని పెద్దమ్మకు తెలుసు కాబట్టి ఆ దారి చూపింది. మంచి సలహాలో సగం వస్తువు గురించి అయితే మిగతా సగం వినేవాళ్ల గురించి. జాబితాలు ఈ రెండో సగాన్ని ఎగ్గొడతాయి.

యాప్‌లను వెనకేసుకొచ్చేవాళ్ల మాటలో న్యాయం లేకపోలేదు. అలాంటి పెద్దమ్మ అందరికీ ఉండదు. పుస్తకాల బీరువా లేని ఇంట్లో పుట్టినవాళ్లకు యూట్యూబే పెద్ద దిక్కు, ఏ మూలో పాడుకునే జానపద గాయకులకు శ్రోతల్ని తెచ్చిందీ అదే. ఒప్పుకుంటాను. కానీ నిన్న విన్నదాన్ని బట్టే అది రేపటి పాట వేస్తుంది. తత్వం పాట ఎన్నడూ విననివాడికి దాన్ని వినిపించే తెగువ దానికి లేదు. 1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ రేడియో కేంద్రానికి ఆ తెగువ ఉండేది. బాలాంత్రపు రజనీకాంతరావు గారి వంటివాళ్లు తీర్చిదిద్దిన భక్తిరంజని కార్యక్రమం, పొద్దున్నే కాఫీ కలుపుకునే వేళకు తత్వాలూ రామదాసు కీర్తనలూ తెచ్చి నట్టింట్లో పెట్టింది. అవి కావాలని ముందే ఎవరు అడిగారు? వినేవాళ్లను మనసులో పెట్టుకుని ఎవరో కూర్చుని ఎంచారు.

పుస్తకాల దగ్గర నా బాధ ఇంకా ఎక్కువ. తెలుగువాళ్లు చదవడం మానేశారనీ, ఫోన్లు పాడుచేశాయనీ అంటారు. నేను నమ్మను. డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కో, జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవానికో వెళ్లి ఒక స్టాలు దగ్గర అరగంట నిలబడండి. "ఏది బాగుంటుందండీ?" అని అడిగేవాళ్లు వస్తూనే ఉంటారు. అవతల మనిషి బిల్లులు కొడుతూ తలెత్తడు. చదవాలన్న కోరిక ఉంది, చెయ్యి పట్టుకుని తీసుకెళ్లేవాళ్లు లేరు.

ఒకప్పుడు ఉన్నారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకాలు నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగారు. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువల మీద పడవలో గ్రంథాలయం నడిపించారు. పాఠకుడు వచ్చేదాకా ఆగకుండా పుస్తకమే ఎదురెళ్లింది.

మా ఊరి శాఖా గ్రంథాలయంలో గ్రంథపాలకుణ్ణి మేం మాస్టారు అనేవాళ్లం. నేను డిటెక్టివ్ నవలలు నమిలేస్తున్న రోజులవి. ఒక సాయంత్రం అడిగిన నవల ఇవ్వకుండా బల్ల సొరుగులోంచి ఒక కథల సంపుటి తీశారు. అట్ట ఊడితే మైదా జిగురుతో అతికించినది. "మూడో కథ ముందు చదువు. నచ్చకపోతే రేపు తెచ్చెయ్యి, నీ డిటెక్టివ్ తీసి పక్కన పెట్టి ఉంచుతాను." లోపల అంటించిన తేదీల కాగితం మీద నాకు ముందు నాలుగే ముద్రలు. చివరిది ఆరేళ్ల నాటిది. ఆరేళ్లుగా ఎవరూ ముట్టని పుస్తకాన్ని ఆయన నా కోసం సొరుగులో దాచారు. ఏ లెక్కన చూసినా జనాదరణ లేని పుస్తకం అది. నేను కథలు చదవడం అక్కణ్ణుంచి మొదలైంది.

ఇప్పుడు గ్రంథాలయాలు పోటీ పరీక్షల అభ్యర్థులతో కిటకిటలాడుతున్నాయి. మంచిదే, చదువుకునే చోటు లేని పిల్లలకు అవే దిక్కు. ఆ పిల్లల్లో ఒకరికి పరీక్ష అయిపోయిన సాయంత్రం ఒక నవల చేతిలో పెట్టేవాళ్లు ఎవరు? పదవీ విరమణ చేసినవాళ్ల స్థానాలు నిండక, ఒకే మనిషి రెండు మూడు శాఖలకు తాళాలు తీసే ఊళ్లు నేను చూశాను. డబ్బు లేదనడానికి వీల్లేదు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున సెస్సు వసూలవుతోంది. అది స్థానిక సంస్థల నుంచి గ్రంథాలయ సంస్థలకు సకాలంలో చేరడం లేదన్న ఫిర్యాదు ఈనాటిది కాదు. ఆ బకాయిలు తేల్చి, ముందు మనుషుల్ని నియమించాలి. కంప్యూటర్లు ఆ తర్వాత కొనుక్కోవచ్చు.

ఈసారి ఇంటి పన్ను రసీదు చేతికొచ్చినప్పుడు గ్రంథాలయ సెస్సు ఎంత కట్టారో చూడండి. దాన్ని జేబులో పెట్టుకుని మీ ఊరి శాఖకు వెళ్లి, "నాకు సరిపోయే పుస్తకం ఒకటి చెప్పండి" అని అడగండి. బల్ల వెనక ఎవరూ లేకపోతే, ఆ రసీదుతోనే జిల్లా గ్రంథాలయ సంస్థకు ఒక అర్జీ రాయండి.