ఏకగ్రీవం ఎవరి మౌనం మీద?

పంచాయతీ ఎన్నికలొచ్చిన ప్రతిసారీ పాలమూరు, నల్లగొండ పల్లెల్లో ఏకగ్రీవాల లెక్క మొదలవుతుంది. ఎన్ని ఊళ్లు ఏకగ్రీవమైతే అంత ఐక్యత ఉన్నట్టు పేపర్లు రాస్తాయి. సర్పంచ్ పదవికి వేలంపాట పెట్టారని, గుడికి ఎక్కువ ఇస్తానన్నవాడికే కట్టబెట్టారని వార్తలు కూడా ఆ పక్కనే ఉంటాయి. ఊరంతా ఒప్పుకుందంటారు. ఒప్పుకోనివాళ్లు నోరు మూసుకున్నారా, మూయించారా అని ఎవరూ అడగరు.

ఓటు లేకుండా నిర్ణయాలు తీసుకోవడంలో మూడున్నర శతాబ్దాల అనుభవం క్వేకర్లది. చెప్పులు కుట్టే పని నేర్చిన జార్జ్ ఫాక్స్ అనే యువకుడు 17వ శతాబ్దంలో ఇంగ్లండులో మొదలుపెట్టిన చిన్న క్రైస్తవ సమాజం అది. మన దేశంలో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ (ఇప్పటి నర్మదాపురం) వైపు 19వ శతాబ్దం నుంచీ ఉన్నారు. ఇక్కడ వాళ్లను ఎరిగినవాళ్లు తక్కువ. వాళ్ల చుట్టాలు మాత్రం మనకు బాగా తెలిసినవాళ్లే. 1890లో రష్యా నుంచి నల్లగొండ వచ్చిన మిషనరీలు అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు మెన్నోనైట్లు అనే ఇంకో క్రైస్తవ శాఖవాళ్లు. జడ్చర్ల ఆస్పత్రి, ఊరూరా కనిపించే ఎంబీ (మెన్నోనైట్ బ్రెదరన్) చర్చిలు ఆ కోవలోవే. యుద్ధంలో ఆయుధం పట్టబోమన్న పట్టుదలలో మెన్నోనైట్లు, క్వేకర్లు ఒక్కటే.

ఆరాధన మాత్రం వేరు. పాలమూరులో ఏ వాడ చర్చికైనా ఆదివారం వెళ్లండి. డోలక్, మైకు, నెత్తిన కొంగు కప్పుకుని జంపఖానా మీద ఒకపక్కన కూర్చున్న ఆడవాళ్లు. సాక్ష్యం చెప్పమనగానే ఒకామె లేచి, బొంబాయి పనికి పోయిన కొడుకు క్షేమంగా తిరిగొచ్చాడని నాలుగు ముక్కలు చెప్పి కూర్చుంటుంది. పాట, ప్రసంగం, పాస్టరయ్య అన్నీ తీసేసి ఆ సాక్ష్యం ఒక్కటే ఉంచితే దాదాపు క్వేకర్ ఆరాధన అవుతుంది. మామూలు గదిలో ఎదురెదురుగా కుర్చీలు, పది పదిహేను మంది, గంటసేపు మౌనం. ఎవరికైనా లోపల్నుంచి మాట వస్తే లేచి చెబుతారు. దానికి ఎవరూ జవాబివ్వరు, వాదించరు. చివర్లో ఇద్దరు పెద్దలు చేతులు కలిపితే ఆరాధన అయిపోయినట్టు, ఆపైన టీ. (క్వేకర్లంతా ఇలాగే ఉండరు. ఎక్కువ మంది ఉన్న కెన్యాలో పాటలూ ఉన్నాయి, పాస్టర్లూ ఉన్నారు.)

నన్ను ఆకట్టుకున్నది ఆ మౌనం కాదు, ఆ తర్వాత జరిగేది. మన దగ్గర చర్చి స్థలం గురించో కానుకల లెక్క గురించో సంఘ పెద్దలు కూర్చునే సరికి, అంతసేపూ పాడిన ఆడవాళ్లు ఇంటికెళ్లి పొయ్యి వెలిగిస్తుంటారు. క్వేకర్లకు లెక్కల సభ కూడా ఆరాధనే. అదే మౌనంతో మొదలవుతుంది, సభ్యులెవరైనా కూర్చోవచ్చు. అధ్యక్షుడుండడు, క్లర్క్ ఉంటాడు. చేతులెత్తించడు, ఓట్లు లెక్కపెట్టడు. సభ ఎటు మొగ్గుతోందో గ్రహించి తీర్మానం అక్కడికక్కడే రాసి చదువుతాడు. 'నేనన్నది అది కాదు' అని ఎవరైనా అంటే దిద్దుతాడు. ఒకరికి నచ్చకపోయినా అడ్డురానని పక్కకు జరగొచ్చు, ఆ మాటా రాయించొచ్చు. అసలు పొసగకపోతే విషయం వచ్చే సభకు వాయిదా.

ఇందులో ఉన్న చిక్కు కూడా చెప్పాలి. అమెరికాలోని జర్మన్‌టౌన్‌లో కొందరు క్వేకర్లు 1688లోనే బానిసత్వం తప్పని రాతపూర్వకంగా చెప్పారు. బానిసలున్నవాళ్లకు సభ్యత్వం లేదని ఫిలడెల్ఫియా సభ తేల్చింది 1776లో. 88 ఏళ్లు! అందరూ ఒప్పుకునే దాకా ఆగుదాం అంటే యజమానికి పోయేదేమీ లేదు, ఆగాల్సింది బానిసే. ఉన్నవాడు ఊరికే ఒప్పుకోడని మన భూదానం కథా చెబుతుంది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లి వచ్చిన వినోబా భావేను దళితులు 80 ఎకరాలు అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలిస్తానని ముందుకొచ్చారు. వినోబా మాట మహిమ కొంత ఉంటే ఉండొచ్చు. నల్లగొండలో అప్పటికి ఐదేళ్లుగా నడుస్తున్న సాయుధ పోరాటాన్ని మరిచి ఆ దానం గురించి మాట్లాడటం కుదరదు. కాబట్టి మన ఊళ్లలో ఓటు తీసేయమని నేననను. ఎవరికీ కనబడకుండా వేసే ఓటు వాడలోని కూలీకి ఉన్న పెద్ద ఆసరా.

తీసుకోదగ్గది ఆ తీర్మానం పద్ధతి. మన గ్రామసభల్లో చాలాచోట్ల జరిగేది వేరు. సంతకాలు, వేలిముద్రలు ముందే పడతాయి, తీర్మానం తర్వాత ఎప్పుడో పుస్తకంలోకి ఎక్కుతుంది. ఇందిరమ్మ ఇళ్ల జాబితా అయినా, రోడ్డు పని అయినా అంతే. కార్యదర్శి ఆ నాలుగు వాక్యాలూ జనం లేవకముందే రాసి మైకులో చదవాలి. వద్దన్నవాళ్ల పేరు, కారణం అందులోనే చేర్చాలి. సంతకాలు ఆ తర్వాతే. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, ఇంకో అరగంట కూర్చునే ఓపిక చాలు. చర్చి కమిటీలు ఇంకా తేలిగ్గా మొదలుపెట్టొచ్చు, ఆడవాళ్లు జంపఖానా మడిచి ఇంటిదారి పట్టకముందే లెక్కలు తీస్తే సరిపోతుంది.